పాలు కడగని పొగ

ఈ ఉదయం షెడ్డులో పాల డబ్బాలు పెట్టుకునే స్టాండు ఒకటి అతుకుతున్నాను. షెడ్డు వెనకే మా ఇల్లు. వంటింట్లో మా ఆవిడ సుజాత చిత్రాన్నానికి పోపు వేస్తున్నట్టుంది. ఆవాలు చిటపటలాడే చప్పుడూ, నా చేతిలోని వెల్డింగు టార్చి నుంచి తీగ కరిగి పడే చప్పుడూ కలిసిపోయి, ఏది ఏదో కాసేపు తెలియలేదు. మీట వదిలేసి అలాగే కూచుండిపోయాను. ముసుగు లోపల కళ్ళు తడిసాయి. కళ్ళలోకి పొగ పోయిందని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, పొగను పక్కకు లాగే ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాగరత్నమ్మ ఉండి ఉంటే షెడ్డు మూలనున్న టీ పొయ్యి దగ్గర నుంచే అరిచేది. “ఆ! ఇప్పుడు నూనె బాగా కాగింది శీనప్పా, అట్లే పోనీ!” మిషను మీద అంకెలు చూడకుండానే, చప్పుడు వినే వెల్డింగు మంచిదో చెడ్డదో చెప్పేసేది ఆమె.

ఆమె నాకు చుట్టం కాదు. చింతామణిలో వెల్డింగు షెడ్డు నడిపిన మనిషి, నా యజమానురాలు. నాకు ఈ పని నేర్పింది ఆమె అని చెప్పలేను, ఎందుకంటే ఆమె దగ్గరికి పోయేసరికే నాకు పని వచ్చు. నా ఛాతీలో ఈ రోజు ఊపిరి సరిగ్గా ఆడుతోందంటే మాత్రం అది ఆమె పుణ్యమే. ఆమెను చూడని వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియదు. పొట్టి మనిషి. నూలు చీర తప్ప ఇంకోటి కట్టేది కాదు, నిప్పురవ్వ పడితే నైలాను చీర ఒంటికి అతుక్కుంటుందని. ఆ చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు తోలు బూట్లు. ఆ వేషంలో ఆమె బజారుకు పోయి కూరగాయలు బేరమాడుతుంటే జనం ఆగి చూసేవాళ్ళు. చూస్తే చూడనీ అన్నట్టు ఆమె వంకాయల్ని తిప్పి తిప్పి ఏరుకునేది.

మాది కెంచార్లహళ్ళి, రైతు కుటుంబం. బోరు ఎండిపోయి చేనిలో పని లేకుండా పోయాక బాగేపల్లిలో ట్రాక్టరు ట్రాలీలు కట్టే చోట చేరాను. అక్కడ పదేళ్ళు రాడ్డు వెల్డింగు చేశాను. రాడ్డు పట్టుకుంటే ఈ తాలూకాలో నా అంతటివాడు లేడని నా గట్టి నమ్మకం. బాగేపల్లిలో సాయంత్రం పని ముగియగానే యజమాని ప్రతి వెల్డరుకీ అర లీటరు పాలు, గుప్పెడు బెల్లం ఇచ్చేవాడు. ఇది మా వైపు ఎప్పటి నుంచో ఉన్న వాడుక. ఇంటింటా ఆవులున్న సీమ, పాలకు కొదవ లేదు. పొగ మింగినవాడికి పాలు పోస్తే పొగ కడుక్కుపోతుందని యజమానులూ నమ్మేవాళ్ళు, మేమూ నమ్మేవాళ్ళం. పాలు పోయని యజమాని అంటే పిల్లికి బిచ్చం పెట్టని పిసినారి కింద లెక్క.

చింతామణిలో ఇల్లు తీసుకున్నాక నాగరత్నమ్మ షెడ్డులో పని అడగడానికి పోయాను. భర్త మునెంకటప్ప పోయి అప్పటికి మూడేళ్ళు. ఆయన పోయాకే, నలభై ఏళ్ళ వయసులో, ఆమె రాడ్డు పట్టడం నేర్చుకుందట. నేను చేసిన పనుల చిట్టా విప్పబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది.

“అదంతా తర్వాత. నీకు దగ్గు ఉండాదా?”

“లేదమ్మా.”

“మెట్లెక్కితే ఆయాసం వస్తాదా?”

నాకు రోషం వచ్చింది. “నేను పనికి వచ్చినానమ్మా, పెండ్లి చూపులకు కాదు” అన్నాను. ఆమె నవ్వలేదు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, నేను గాలి పీల్చే చప్పుడు చెవి ఒగ్గి విని, “రేపటి నుంచి రాప్పా” అంది.

మొదటి రోజు సాయంత్రం చేతులు కడుక్కుని చెంబు కోసం చూశాను. చెంబూ లేదు, బెల్లమూ లేదు. “పాలు యాడమ్మా?” అని అడిగేశాను. ఆమె బీరువా తెరిచి, కవరులో ఉన్న మాస్కు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. మూతికీ ముక్కుకీ బిగుతుగా పట్టేది, రెండు పక్కలా గాలి వడకట్టే బిళ్ళలున్నది. “ఈడ పాలు లేవు. దాని బదులు ఇది” అంది. “దీన్ని తాగేదెట్లమ్మా?” అన్నాను. ఆ మాటకూ ఆమె నవ్వలేదు. ఆ రాత్రి సుజాతతో చెప్పుకుని తెగ ఆడిపోసుకున్నాను. మొగుడు పోయాక ఆవిడకు చేయి ముడుచుకుపోయింది, అర లీటరు పాలకు కక్కుర్తి పడి గాడిద మూతికి కట్టే చిక్కం లాంటిది అంటగట్టింది అన్నాను. ఆ మాస్కును చాలా కాలం మెడలో తాళిబొట్టులా వేలాడేసుకునే తిరిగాను. ఆమె ఎదురొస్తే ముక్కు మీదికి లాగేవాణ్ణి, అటు తిరగ్గానే కిందికి దించేవాణ్ణి.

చిన్న మిషను కొనాలన్న ఆలోచన కూడా ఆమెదే. రైతులు వచ్చి ఆవుల కొట్టంలో పైపు విరిగింది, పట్టుపురుగుల స్టాండు కాలు ఊడింది, వచ్చి అతకండని అడిగేవాళ్ళు. మా దగ్గర ఉన్నది పాతకాలపు పెద్ద మిషను. దాన్ని కదపాలంటే ఇద్దరు కావాలి, పల్లెలో దాన్ని తగిలిస్తే వీధిలో దీపాలన్నీ గుడ్డివైపోయేవి. ఇప్పుడు చేత్తో మోసుకుపోయే మిషన్లు వచ్చాయనీ, గ్యాసు పెట్టి తీగతో అతకొచ్చు, గ్యాసు లేకుండా, లోపల పొడి మందు కూరిన మందు తీగతో అతకొచ్చు, కావాలంటే మామూలు రాడ్డుతోనూ అతకొచ్చనీ ఆమె ఎక్కడో విని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. “పెండ్లికీ తద్దినానికీ ఒకే వంటోడిని పెట్టినట్టుంటాదమ్మా, ఏ వంటా సరిగ్గా రాదు” అన్నాను. “వంటోడు ఎట్లాంటోడో తిని చూస్తే కదా తెలిసేది, చిక్కబళ్ళాపురం పోదాం పద” అంది.

చిక్కబళ్ళాపురం అంగడికి ఆమె గోనెసంచి ఒకటి మోసుకొచ్చింది. అంగడాయన మర్యాదగా కుర్చీలు వేసి, ఒక మిషను ముందు తళతళలాడే కొత్త రేకు పెట్టి, దాని మీద జరీ అంచులాంటి అతుకు వేసి చూపించాడు. నాకు నోరు ఊరింది. నాగరత్నమ్మ ఆ రేకును వేలితో తడిమి, “ఇది మీ అత్తగారు పెట్టిన వెండి పళ్ళెం మాదిరి ఉండాది గదప్పా. మా పల్లెల్లో ఇట్లాంటి ఇనుము యాడుంటాది?” అంటూ సంచి విప్పింది. అందులో తుప్పు పట్టిన ట్రాలీ ముక్క, వంద అడుగుల వైరు చుట్ట. అంగడాయన ముఖం వాడిపోయింది.

“అమ్మా, అంత పొడుగు వైరు పెడితే ఏ మిషనైనా సరిగ్గా పని చేయదు.”

“కొట్టం యాడో, ఇంట్లో ప్లగ్గు యాడో. వైరు పొడుగు కాకుండా ఎట్లయితాది? పెట్టి చూడప్పా. ఏది తక్కువ ఏడుస్తాదో దాన్నే తీసుకుంటాం.”

మూడు మిషన్లు పెట్టించింది. మొదటిది ఆ వైరు మీద రెండు సార్లు ముక్కి ఆగిపోయింది. రెండోది నాకు తెగ నచ్చింది, ఎంత కరెంటు ఇస్తుందో చెప్పే అంకె దాని ఒంటి మీద పెద్దది ఉంది. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, “ఇంత కరెంటు మీద పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆగకుండా నిలబడతాది?” అని అడిగింది. అంగడాయన పుస్తకం తిరగేసి, గొంతు తగ్గించి, “రెండు” అన్నాడు. “గంటకు పన్నెండు నిమిషాలు పని చేసే అల్లుడు మాకు వద్దప్పా” అంది. మూడోది చిన్న అంకెది. దాని పక్క మూత తీయించి, తీగను నెట్టే చక్రాలు ఇనుమువో ప్లాస్టిక్‌వో గోటితో గీకి చూసింది. టార్చి మూతికి వేసే చిన్న రాగి మొనలు చింతామణిలో దొరుకుతాయా, చెడిపోతే బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు అని అడిగింది. తుప్పు ముక్కను నా చేత అతికించి, సుత్తితో కొట్టి విరుగుతుందేమో చూసింది. ఆ మిషనునే తీసుకుంది. ఇక బయలుదేరదామనుకుంటుండగా మళ్ళీ అడిగింది. “ఇంతకూ పొగ యాడికి పోతాది?” అంగడాయన నవ్వి, “పొగ గాల్లోకి పోతాదమ్మా” అన్నాడు. ఆమె నవ్వకుండా, ఒక ఫ్యానూ, దానికి తగిలించే పొడుగు గొట్టమూ కూడా కట్టించుకుంది. బస్సులో ఆ గొట్టం నా ఒళ్ళో కొండచిలువలా చుట్టుకుని కూచుంది. దారి పొడుగునా నాకు ఒకటే గొణుగుడు.

కొత్త మిషను నా పొగరు అణిచింది. రాడ్డు వేరు, తీగ వేరు. తీగ వేగం ఎక్కువైతే ఇనుముకు పొడుచుకుని చెయ్యి వెనక్కి నెట్టేది, తక్కువైతే మూతి దగ్గరే కాలి ముద్దయ్యేది. నేను అంకెలు తిప్పుతూ కుస్తీ పడుతుంటే నాగరత్నమ్మ షెడ్డు మూలన పొయ్యి మీద టీ కాస్తూ చెప్పేది. “టప్పు టప్పుమంటాండాది, తీగ తగ్గించు… ఊహూ, ఇప్పుడు బుసకొడతాండాది… ఆ, అదీ పోపు.” ఒకసారి గ్యాసు తీసి మందు తీగ వేసుకున్నాను, అతుకంతా పేలాలు పేలినట్టు చిమ్మింది. ఆమె వచ్చి చూసి, లోపలి వైర్లు రెండూ తారుమారు చేయించింది. తర్వాత మిషను మూత మీద సుద్దతో రాసింది: గ్యాసుంటే టార్చికి ప్లస్సు, గ్యాసు లేకుంటే టార్చికి మైనస్సు. మాది కన్నడ సీమ. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడ, కాబట్టి ఆ తెలుగు రాత కన్నడ అక్షరాల్లో ఉండేది.

ఆమె పెట్టిన కట్టుబాట్లకు నేను బయట తల ఊపేవాణ్ణి, లోపల నవ్వుకునేవాణ్ణి. మూడు కాళ్ళ ప్లగ్గు లేని ఇంట్లో మిషను సంచిలోంచి బయటికి తీయకూడదు. కొట్టంలో పైపు అతికేటప్పుడు ముందు ఆవులను విప్పి బయట కట్టించాలి, ఇనుప గొలుసూ తడి నేలా ఉన్నచోట మనిషి కంటే ఆవుకే ముందు షాకు తగులుతుందనేది. గ్యాసు సిలిండరును గొలుసుతో కట్టకుండా ఆటో కదలకూడదు. ఇవన్నీ పాటించేవాణ్ణి, ఎందుకంటే కరెంటంటే నాకు భయం. పొగంటే మాత్రం భయం లేదు. అది పదేళ్ళ నుంచి నాకు తెలిసిన చుట్టం, అది నన్నేం చేస్తుందిలే అనుకునేవాణ్ణి.

మండికల్‌లో నంజిరెడ్డి అనే రైతు పట్టుపురుగుల ఇల్లు కట్టుకున్నాడు. లోపల తుప్పు పట్టకుండా జింకు తెల్లపూత పూసిన పైపులతో వరస వరసగా స్టాండ్లు, నేలలోకి దించి కట్టినవి. సగం చోట్ల అతుకులు విడిచి ఊగుతున్నాయి. మర్నాడే పిల్ల పురుగులు వస్తాయి, ఈ రోజే అతకాలి అని ఫోను. ఆ రోజు నాగరత్నమ్మకు మోకాళ్ళ నొప్పి. నన్ను ఒక్కణ్ణే పంపుతూ చెప్పింది. “ఆ తెల్లపూత మంచిది కాదు శీనప్పా. అతికే చోట రెండు పక్కలా గ్రైండరుతో గీకి తీసెయ్. వాకిళ్ళు కిటికీలు తెరిపించు. గాలికి గ్యాసు చెదిరిపోతే మందు తీగ వేసుకో. మాస్కు మెడకు కాదు, ముక్కుకు.”

అక్కడికి పోయి తలుపు తెరవబోతే నంజిరెడ్డి అడ్డం పడ్డాడు. “వద్దప్పా, వద్దు! నిన్ననే అంతా మందు కొట్టి కడిగి మూసినాము. వాకిలి తెరిస్తే ఊజి ఈగ వస్తాది.” పురుగుల మీద గుడ్లు పెట్టి పంటంతా నాశనం చేసే ఈగ అది. మా వైపు రైతులకు పామంటే ఎంత భయమో దానంటే అంత. తలుపులు మూసి ఉంచడం నాకూ మంచిదే అనిపించింది. గాలి రాకపోతే గ్యాసు చెదరదు, అతుకు చక్కగా వస్తుంది. అతుకులు ముప్పైకి పైగా ఉన్నాయి, ఒక్కోటీ గీకుతూ కూచుంటే పొద్దు గూకుతుంది. ఇంతలో నంజిరెడ్డి భార్య పెద్ద గ్లాసులో పాలు, బెల్లం తెచ్చి, “పొగ పని కదప్పా, ముందే తాగు” అంది. ఎన్నాళ్ళకో దొరికిన మర్యాద. రెండు గ్లాసులు తాగి, ఇక పొగ నన్నేం చేస్తుందని, తలుపులు బిగించి పని మొదలుపెట్టాను.

తెల్లని పొగ లేచింది. బూరుగు దూది రేగినట్టు తెల్లటి పింజెలు గాలిలో తేలాయి. ముఖానికి చెమట పట్టి మాస్కు జారుతుంటే తీసి పక్కన పెట్టాను. నోట్లో ఏదో తియ్యగా, రాగి చెంబు నాకినట్టు ఉంటే, బెల్లం రుచి ఇంకా పోలేదనుకున్నాను. అతుకులు మాత్రం ఎంత బాగా వచ్చాయో! నంజిరెడ్డి స్టాండ్లు పట్టుకుని ఊపి చూసి, భుజం తట్టి పంపాడు. ఆ రోజు బండి మీద చింతామణికి పాడుకుంటూ వచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుంది నా సంగతి.

ఇంటికి చేరి దీపాలు పెట్టే వేళకు చలి మొదలైంది. మామూలు చలి కాదు, పళ్ళు టకటకలాడాయి. ఛాతీ మీద ఎవరో రోలు పెట్టినట్టు బరువు, గాలి పీలిస్తే సగం దూరం పోయి ఆగిపోతోంది. సుజాత దుప్పట్లు కప్పింది. నేను ఏమడిగానో తెలుసా? “పాలు కాచి ఇవ్వు” అన్నాను. తాగాను, కక్కుకున్నాను. భయపడి సుజాత నాగరత్నమ్మకు ఫోను చేసింది. ఆమె ఆటో తీసుకుని పావుగంటలో వచ్చింది. లోపలికి వస్తూనే, “తెల్లపూత పైపులా? వాకిళ్ళు మూసినారా?” అని రెండే అడిగింది. నన్ను లేపి ఆస్పత్రికి తీసుకుపోయింది. దారిలో నా వీపు మీద చేయి పెట్టి ఉంచింది.

ఆక్సిజను పెట్టారు. ఇది లోహపు పొగ జ్వరమనీ, ఈసారికి తగ్గిపోతుందనీ, ఇలా మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటే మాత్రం ఊపిరితిత్తులు మిగలవనీ డాక్టరు చెప్పాడు. తెల్లవారేసరికి జ్వరం దిగింది. సుజాత ఇంటికి పోయింది. నాగరత్నమ్మ నా మంచం పక్కన స్టూలు మీద కూచుని ఉంది. తిట్లు మొదలవుతాయని కళ్ళు మూసుకుని పడుకున్నాను. ఆమె తిట్టలేదు.

“పాలు తాగి చేసినావా పని?” అంది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “రెండు గ్లాసులమ్మా” అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. తర్వాత నాతో కాదు, కిటికీతో చెప్తున్నట్టు చెప్పింది. “మా ఆయనకు నేను ఇరవై రెండేండ్లు పోసినాను శీనప్పా. రోజూ చెంబుడు పాలు, బెల్లం ముక్క. ఇంట్లో ఎవురికి లేకపోయినా ఆయనకు తప్పనిచ్చింది లేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటానంటే, పాలు ఉండాయి గదా, గుడ్డెందుకని నేనే అంటి. దగ్గు వస్తే ఇంకో చెంబు ఎక్కువ పోసినాను. కడాకు ఇంటి నుంచి షెడ్డు దాకా నడవలేకపోయినాడు. నలభై ఆరేండ్ల మనిషప్పా. నడుమ మూడు సార్లు కూచునేవాడు. అప్పుడు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించినాడు. అన్నం పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు. పాలు ఈ దారిన పోతాయి, పొగ ఆ దారిన పోతాది అని. ఇరవై రెండేండ్లు నేను అన్నం దారి కడుగుతా కూచున్నాను.”

ఆమెను పిసినారి అన్న నా నోరు నాకే చేదుగా అనిపించింది. సిగ్గుతో ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. ఆమె లేచి నా దుప్పటి సర్ది, మెల్లగా అంది. “పాలు తాగొద్దని చెప్పడం లేదప్పా. ఎన్నైనా తాగు. ఆకలికి తాగు. పొగకు తాగొద్దు.”

జ్వరం తగ్గి నేను పనికి రాగానే ఆమె నన్ను వెంటబెట్టుకుని మండికల్ పోయింది. అప్పటికే ఫోను చేసి పిల్ల పురుగులను వేరే ఇంట్లో దించుకోమని, ఆ ఇంటిని రెండు రోజులు బార్లా తెరిచి పెట్టమని చెప్పి ఉంది. నంజిరెడ్డి గొణిగాడట గానీ విన్నాడు. మేము పోయి కిటికీలకూ తలుపులకూ సన్నని వల బిగించిన చట్రాలు చేసి పెట్టాం. “ఈగకు అడ్డం పెట్టు నంజిరెడ్డీ, గాలికి పెట్టొద్దు” అంది ఆమె. మొన్న కంటపడక మిగిలిపోయిన నాలుగు అతుకులు నేను తెల్లపూత పూర్తిగా గీకి, ఫ్యాను గొట్టం పక్కన పెట్టుకుని, పొగ పోయే దారిలోంచి తల పక్కకు తీసుకుని, మాస్కు ముక్కు మీద పెట్టుకుని అతికాను. పొద్దు గూకింది. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా త్వరగా కానీ అనలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఒకసారి చిక్కబళ్ళాపురం పెద్దాస్పత్రికి తీసుకుపోయి నా చేత గొట్టంలోకి ఊదించేది. ఊపిరి ఎంత ఉందో మిషను కాగితం మీద గీస్తుంది. ఆ కాగితాన్ని ఆమె చదివేది కాదు, గీత పైకి పోయిందా లేదా చూసేది. పైకి పోయి ఉంటే బయటికి వచ్చి నాకు మసాలె దోసె తినిపించేది. పిల్లలు లేని మనిషి. నన్ను కొడుకు అని ఎప్పుడూ అనలేదు, అలాంటి మాటలు ఆమెకు చేతకావు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించాక షెడ్డు నన్నే నడుపుకోమంది. నేను బాగేపల్లిలో నాతో పని చేసినవాళ్ళను కలిసినప్పుడల్లా పాల సంగతి చెప్తాను. కొందరు నవ్వుతారు. కొందరు నవ్వబోయి దగ్గుతారు, దగ్గు ఆగాక మాస్కు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. పోవడానికి కొన్ని నెలల ముందు, నాకూ నలభై ఆరు నిండిన వారం, పొద్దున్నే ఆటో తెప్పించి అంబాజీదుర్గం కొండ దగ్గరికి పోదామంది. నాకు అర్థం కాలేదు. కొండ కింద ఒక బండ మీద కూచుని, గొడుగు విప్పుకుని, “ఎక్కు” అంది.

“మీరు రాకుండా నేనెందుకమ్మా?”

“కాగితం మీద గీతలు చాలా చూసినాను. ఒకసారి నా కండ్లతో చూడల్ల. నడుమ యాడా కూచోవద్దు. పైకి పోయినాక గట్టిగా పిలువు.”

ఎక్కాను. రాళ్ళ దారి, ఎండ అప్పటికే వీపు మీద పడుతోంది. కాళ్ళు నొప్పి పుట్టాయి, చొక్కా తడిసింది, కానీ ఎక్కడా కూచోలేదు. పైకి చేరి కిందికి చూస్తే నల్ల గొడుగు చిన్న చుక్కలా కనిపించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, ఛాతీ నిండా గాలి పీల్చి, “అమ్మా!” అని పిలిచాను. గొడుగు పక్కకు ఒరిగింది. చేయి పైకి లేచింది. ఇంకోసారి అన్నట్టు ఆ చేయి ఊగింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ ఊగింది. ఎన్నిసార్లు పిలిచానో గుర్తు లేదు. కిందికి దిగి వచ్చేసరికి ఆమె ముఖం తుడుచుకుని, గొడుగు మూసి, ఆటో వైపు నడుస్తోంది. “బాగా వినబడిందప్పా” అంది, అంతే. ఇప్పుడు ఏ కొండ ఎక్కినా, ఎవరూ లేకపోతే, పైన నిలబడి ఒకసారి ఆమెను అలా పిలుస్తాను. పిలవడానికి నాకు ఊపిరి ఉంది.